నాంపల్లి డాబా మీది పది సున్నాలు

పత్రికలో చేరిన కొత్తలో నాకు ఇచ్చిన పని వాతావరణం పెట్టె. రెండో పేజీ అడుగున, కుడి మూలన అరచేయంత జాగా. అందులో ఊళ్ల పేర్లు, ఎదురుగా గరిష్ఠం, కనిష్ఠం, వర్షపాతం. గన్‌ఫౌండ్రీలో మా ఆఫీసుకు సాయంత్రం పూట ఫోన్లు వచ్చేవి. చెప్పింది చెప్పినట్టు రాసుకుని పేజీ పెట్టే ఆయనకు అందించేవాణ్ని. ఏదో ఒక ఊరి నుంచి ఫోన్ రాకపోవడం మామూలే. అప్పుడు ఆయన తల ఎత్తకుండా అడిగేవాడు: "ఈ గడిల ఏం పెట్టాలె?"

గడి ఖాళీగా పోకూడదన్నది మా డెస్క్ పెద్ద నాకు నేర్పిన మొదటి సూత్రం. ఖాళీ గడి చూస్తే పాఠకుడికి ఆ ఊళ్లో వాన పడిందా లేదా అన్న అనుమానం రాదట, డెస్క్ నిద్రపోయిందన్న అనుమానం వస్తుందట. కాబట్టి ఉష్ణోగ్రత రాకపోతే నిన్నటిదే, వాన లెక్క రాకపోతే సున్నా. ఏళ్ల తరబడి అలాగే పెట్టాను. తప్పు అంటూ ఒక్క ఉత్తరం రాలేదు. వాతావరణం పెట్టెను చదివేవాళ్లు తమ ఊరు తప్ప ఇంకో ఊరు చూడరు, తమ ఊళ్లో వాన పడిందో లేదో వాళ్లకు ముందే తెలుసు.

నేను పెట్టిన సున్నా ఎంత దూరం పోతుందో తెలిసింది మాత్రం ఉద్యోగం మానేశాక, నాంపల్లిలో, మా ఇంటి డాబా మీద.

స్టేషన్ వెనక సందులో మాది రెండో అంతస్తులో కిరాయి ఇల్లు. పైన డాబా అందరిదీ. మా అక్క కూతురు గణాంకశాస్త్రం చదివి, వాతావరణ అంచనాలు తయారుచేసే ఒక బృందంలో పనిచేస్తోంది. రెండేళ్ల కింద ఒకరోజు పొద్దున్నే వచ్చింది. చేతిలో ఒక డబ్బా, దానికి గరాటు, ఒక కొలత గ్లాసు.

"మామా, పొద్దున ఎనిమిదిన్నరకు నీకేం పని ఉంటది?"

"పేపర్ చదువుత."

"చదివినంక?"

"ఇంకో పేపర్ చదువుత."

"అయితే రెండిటి మధ్యల ఒకసారి డాబా ఎక్కు."

అలా నేను వాన కొలిచేవాణ్ని అయ్యాను. ముందురోజు ఎనిమిదిన్నర నుంచి పడిన నీళ్లు గరాటులోంచి డబ్బా లోపలి సీసాలోకి దిగి ఉంటాయి. వాటిని గ్లాసులో పోసి, కంటికి సమానంగా పట్టుకుని, గీత చూసి, ఫోన్‌లో ఆ రోజు గడిలో అంకె వేసి పంపాలి. కోఠిలో ఒక డాబా మీద, కాచిగూడలో ఒక లాడ్జి మీద, గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకు మీద ఇలాంటి డబ్బాలే ఉన్నాయి. ఒక్క మైలులో ఇన్ని డబ్బాలెందుకని నేను అడగలేదు. ఆబిడ్స్‌లో తడిసి ముద్దయిన బస్సు నాంపల్లికి వచ్చేసరికి రోడ్డు మీద దుమ్ము లేవడం చిన్నప్పటి నుంచి చూస్తున్నవాణ్ని.

నేను అడిగింది ఇంకోటి. "మీ దగ్గర అంత పెద్ద కంప్యూటర్లు ఉన్నయి కదా. నా గ్లాసుతోటి ఏం పని?"

"మాకు రెండు దిక్కుల నుంచి కబురొస్తది మామా. రేపు గింత పడుతదని కంప్యూటర్ల నడిచే మోడల్ ఒకటి చెప్తది. ఇయ్యాల గింతే పడ్డదని నీ డబ్బా ఒకటి చెప్తది. రెండిట్ల తప్పుంటది."

"రెండిట్ల తప్పుంటే నన్నెందుకు మెట్లెక్కిస్తున్నవ్?"

"దేంట్ల ఎంత తప్పుంటదో తెలిస్తే, ఆ లెక్కన తూకమేసి కలపొచ్చు. కలిపినంక వచ్చే తప్పు రెండిటి కన్న చిన్నగుంటది."

ఇది నాకు కొత్త విద్య అనిపించలేదు. డెస్క్ మీద నేను చేసింది అదే. ఒక ఊళ్లో మాకు ఇద్దరు విలేకరులు ఉండేవారు. బహిరంగ సభ జరిగితే ఒకాయన జనాన్ని ఎప్పుడూ రెట్టింపు చేసి చెప్పేవాడు. రెండో ఆయన ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ, ఆ రోజు ఆయనకు భోజనం ఎలా పెట్టారన్న దాన్ని బట్టి. కొత్తవాళ్లు రెండో ఆయన్నే నమ్మేవాళ్లు, అప్పుడప్పుడు సరిగ్గా చెబుతాడు కనుక. మేం మొదటి ఆయన్ని నమ్మేవాళ్లం. ఆయన అంకెను సగం చేస్తే చాలు, వార్త సిద్ధం.

ఈ మాట చెబితే మా అక్క కూతురు టీ కప్పు కింద పెట్టేసింది. "గదే మామా! ఎప్పుడూ ఒకే దిక్కుకు తప్పు చెప్పేటోన్ని సరిజేసుకోవచ్చు. మోడల్ గూడ గంతే. ఒక్కో జాగల ఒక్కో వాలు ఉంటది దానికి. నాంపల్లిల ఎక్కువ చెప్తదా, తక్కువ చెప్తదా అని గత కొన్ని వారాల నీ అంకెలు చూసి పట్టుకుంటం. మరుసటి అంచనాల గంత కోత పెడుతం, లేకుంటే పెంచుతం."

మిగతాది కూడా నాకు పత్రిక భాషలోనే అర్థమైంది. జిల్లా ఎడిషన్ ముందు వెళ్తుంది. దాన్ని పారేసి సిటీ ఎడిషన్ కొత్తగా రాయరు. అదే పేజీ మీద, కొత్తగా అందిన కబురుతో తప్పున్న చోట దిద్దుతారు. వాళ్లూ అంతే. నిన్నటి అంచనాను ఇవాళ్టి కొలతతో దిద్ది, దిద్దినదాని మీది నుంచి రేపటిది నడిపిస్తారు. రోజూ అదే పని.

"తప్పు కొలతలు రావా మరి?" అన్నాను.

"వస్తయి. పక్క డబ్బాలతోటి సరిచూస్తం. గని హైదరాబాద్‌ల గల్లీకో తీరు పడుతది, మరీ గట్టిగ సరిచూస్తే నిజమైన కొలతలు గూడ పోతయి. నీది పెద్ద ఫికర్ లేదులే. ఒక్కరోజు తప్పకుండ పంపుతవు. అందుకే నీ డబ్బాకు వెయిటేజీ ఎక్కువిచ్చిన."

ఆ మాటకు నేను లోపల్లోపల పొంగిపోయాను. దాచడం ఎందుకు.

ఈ అంచనాలు వాడుకునే మనిషి ఒకామె నాకు తెలుసు. ఆదివారాలు ఆబిడ్స్‌లో షాపులు మూసి ఉంటాయి, షట్టర్ల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. ఒక చెప్పుల షాపు ముందు జాగా ఆమెది. అంతకుముందు ఆమె మామది. నాగర్‌కర్నూల్ దిక్కు నుంచి కూలిపనికి వచ్చిన కుటుంబం. భర్త ఆటో నడుపుతాడు, ఆదివారం పొద్దున కాచిగూడ నుంచి పుస్తకాల మూటలు దింపి వెళ్తాడు. ఆమెకు తెలుగు చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు. కానీ ఎదురుగా నిలబడ్డ మనిషి ఏ ఇంగ్లీషు పుస్తకం కోసం వచ్చాడో ముఖం చూసి తీసి ఇస్తుంది. ఇన్నేళ్లలో నాకు ఒకటి రెండుసార్లే తప్పు పుస్తకం ఇచ్చింది. ఆ రెండూ నేను కొన్నాను.

అక్కడ వాళ్లకొక రివాజు ఉంది. కాగితం మీద లేదు, కానీ అందరూ దానికి కట్టుబడి ఉంటారు. తొమ్మిదింటికి చాయ్ వస్తుంది. చాయ్ వచ్చేసరికి ఎవరి చద్దరు పరిచి ఉంటే వాళ్లు ఆ ఆదివారం వచ్చినట్టు. వరుసగా మూడు ఆదివారాలు చద్దరు పడకపోతే ఆ జాగా పక్కవాళ్లది. వానకు ఎవరూ పరవని ఆదివారం లెక్కలోకి రాదు. నలుగురు పరిచి ఒకరు పరవకపోతే ఆ ఒక్కరిదే లెక్క.

అందుకని వానాకాలం శనివారం సాయంత్రం ఆమె నాకు ఫోన్ చేసేది. పలకరింపు ఉండేది కాదు.

"సారూ, రేపేంది?"

మా అక్క కూతురు పంపింది చదివి చెప్పేవాణ్ని. ఆమె పక్కవాళ్లకు చెప్పేది. మొదటి ఏడాది వాళ్లు నవ్వారు. ఒక ఆదివారం ఆకాశం నల్లగా ఉన్నా పడదని చెబితే ఆమె ఒక్కతే ధైర్యంగా పరిచింది, పడలేదు. ఆ తర్వాత నవ్వడం మానేసి, శనివారం సాయంత్రం ఆమె ఫోన్ కోసం చూడటం మొదలుపెట్టారు.

పోయిన వానాకాలంలో నా కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. దవాఖాన నుంచి పంపుతూ డాక్టరమ్మ పది రోజులు మెట్లు ఎక్కొద్దు, వంగొద్దు, కంట్లో నీళ్లు పడనివ్వొద్దు అంది. మర్నాడు ఎనిమిదిన్నరకు అంకె వేయమని గుర్తుచేస్తూ ఫోన్ మోగింది. ఆ రోజు గడి ఖాళీగా నా వైపు చూస్తోంది. ఖాళీగా వదిలేసి పంపినా ఆ ఫోన్ తీసుకుంటుంది. నాకు తెలుసు. అయినా నా వేలు సున్నా మీదికి పోయింది. రెండో రోజూ అంతే. ఆ రోజుల్లో రాత్రిపూట వాన చప్పుడు విన్నాను కూడా. విన్న చప్పుడుకు మిల్లీమీటర్లు వేయలేం కదా అనుకుని, పొద్దున లేచి సున్నా వేశాను.

పదో రోజు డాబా ఎక్కాను. సీసా నిండి, పొంగి, బయటి డబ్బాలోకి దిగి ఉన్నాయి నీళ్లు. అందులో ఏ రోజుది ఎంతో చెప్పే దారి లేదు. మొత్తం తీసుకెళ్లి కరివేపాకు కుండీలో పోసి, ఖాళీ సీసాను గరాటు కింద పెట్టి, ఫోన్ తీసి ఆ రోజుకూ సున్నా వేశాను. చేతులు ఇంకా తడిగా ఉన్నాయి. ఒక్కసారైనా అనుమానం రాలేదు. గడి నిండింది కదా.

ఆ వారం శనివారం ఫోన్ వచ్చింది. "సారూ, రేపేంది? కన్నెట్లుంది?"

"కన్ను బాగుంది. పదింటి తర్వాత జర చినుకులు. ఫికర్ ఏం లేదు."

మర్నాడు నేనూ వెళ్లాను, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని. పది కాకముందే నాంపల్లి వైపు ఆకాశం మూసుకుంది. ఆమె తల తిప్పి చూసింది, నా వైపు చూసింది, చినుకులే అన్నారు కదా అన్నట్టు మళ్లీ పుస్తకాలు సర్దుకుంది. ఆ తర్వాత పడింది చినుకులు కాదు. అందరూ ప్లాస్టిక్ షీట్లు లాగారు. పై నుంచి వచ్చే నీళ్లకు ప్లాస్టిక్ ఉంది. రోడ్డు నిండి ఫుట్‌పాత్ మీదికి ఎక్కిన నీళ్లకు ఏమీ లేదు. కింది వరసలు చద్దరుతో సహా తాగేశాయి. డిక్షనరీలు, పోటీ పరీక్షల పుస్తకాలు, అట్టలు ఊడిన పాత నవలలు. నేను ఒక చేత్తో షీటు అంచు పట్టుకుని నిలబడ్డాను. ఆమె మోకాళ్ల మీద కూర్చుని, మిగిలినవాటిని షట్టర్ గట్టు మీదికి విసురుతూ, తల ఎత్తి నాతో అన్నది ఒకే మాట:

"సారూ, కంట్ల నీళ్లు పడనీకుండ్రి. పక్కకు పోండ్రి."

ఆమె సరుకులో సగం పోయింది. తర్వాతి ఆదివారం పక్కవాళ్లు పరిచారు, ఆమె రాలేదు, పుస్తకాలు ఆరబెట్టుకుంటోంది. అది మొదటిది.

ఆ వారం మధ్యలో మా అక్క కూతురు వచ్చింది. లాప్‌టాప్ నా భోజనాల బల్ల మీద పెట్టి, కంచం పక్కకు జరిపింది.

"మామా, ఆ వాన పడ్డ ఆదివారం మోడల్ పెద్ద వాననే చెప్పింది. మేం కోత పెట్టినంక చినుకులైంది. నాంపల్లికి, దాన్ని ఆనుకున్న ఆబిడ్స్‌కే అంత కోత. ఎందుకని వెనక్కి పోయి చూసిన. మోడల్ వాన అన్న రోజులల్ల కోఠిల పడ్డది, కాచిగూడల పడ్డది. నీ డాబా మీద మాత్రం పది రోజులు వరుసగ సున్న."

నేను నీళ్లు తాగాను.

"నిజంగ పడలేదా మామా?"

"ఆపరేషన్ అయింది కదమ్మా. ఎక్కలేదు."

"ఎవరినన్న ఎక్కిచ్చినవనుకున్న. ఎక్కకుంటే?"

"సున్నా పెట్టాను."

ఆమె తెర నా వైపు తిప్పింది. తర్వాత చాలా నెమ్మదిగా అడిగింది, చిన్నపిల్లలకు లెక్క చెప్పేటప్పుడు వాడే గొంతుతో. "మామా, సున్న అంటే ఏంది?"

"ఏమీ లేదని."

"కాదు మామా. 'నేను ఎక్కి చూసిన, చుక్క గూడ లేదు' అని. గది కొలత. ఖాళీ పెడితే 'నాకు తెల్వదు' అని. తెల్వదంటే మేం పక్క డబ్బాలను అడుగుతం, మోడల్‌ను అడుగుతం. నువ్వు చూసిన అంటే నిన్ను నమ్ముతం. పైగ అందరి కన్న ఎక్కువ నమ్ముతం. నాంపల్లిల మోడల్ ఉత్తగనే వాన వాన అని అరుస్తదని మా లెక్క నీ దగ్గర నేర్చుకుంది."

"పక్క డబ్బాలతో సరిచూస్తామన్నావు కదా?"

"చూసినం. కోఠిల పడి నాంపల్లిల పడకపోవుడు మనకు మామూలే కదా మామా. మధ్యల ఒక్కరోజైనా నలతగ ఉందని ఖాళీ పంపి ఉంటే అనుమానపడేటోళ్లం."

తప్పు ఒప్పుకోవడం నాకు కష్టం కాదు. పత్రికలో సవరణలు రాసిన చెయ్యి. కానీ సవరణ రాయడం వేరు, ఎవరికి నష్టమైందో వాళ్ల ఎదుట నిలబడి చెప్పడం వేరు. ఆ వారమంతా ఆమెకు చెప్పలేదు. శనివారం ఆమె ఫోన్ కూడా రాలేదు. నేనే చేశాను.

"రేపు పొడిగా ఉంటుందమ్మా. సాయంత్రం దాకా ఏం లేదు."

"ఔ సారూ." అంతే. పెట్టేసింది.

ఆ ఆదివారం ఎండ కాసింది. అందరూ పరిచారు. చెప్పుల షాపు ముందు మాత్రం ఉత్త బండలు. పక్క జాగా ఆయన చద్దరు ఒక జానెడు ఇటు జరిగి ఉంది. నేను దాని వైపు చూడటం ఆయన చూశాడు.

"మేమేం గుంజుకుంటలేం సారూ. ఇది రెండోది. ఇంకొక్కటి చూస్తం. రివాజు గది, ఆమె మామ గూడ గట్లనే ఈ జాగల కూసున్నడు."

అక్కడి నుంచి నేరుగా కాచిగూడ పోయాను. ఒకే గది ఇల్లు. గోడ నుంచి గోడకు తాళ్లు కట్టి, వాటి మీద బట్టలు ఆరేసినట్టు పుస్తకాలు. నేల మీద ఇటుకల కింద అట్టలు. పంకా గరగరమంటోంది. ఆమె ఒక డిక్షనరీ పేజీలను ఒక్కొక్కటీ విడదీస్తోంది.

"కూసోండ్రి సారూ. ఆ కుర్చీ మీది పుస్తకం జర పక్కకు పెట్టుండ్రి. ఇయ్యాల పడలేదు గదా?"

"పడలేదు. నువ్వు రావలసింది."

"నమ్మి పోయినసారి వచ్చిన." గొంతులో కోపం లేదు. అదే కష్టమనిపించింది.

చెప్పాను. ఆపరేషన్, మెట్లు, ఫోన్, పది సున్నాలు, కరివేపాకు కుండీ. డిక్షనరీ విడదీయడం ఆపి విన్నది.

"అంటే సారూ, మీరు నాంపల్లిల సున్న పెడితే ఆబిడ్స్‌ల నా పుస్తకాలు తడిసినయా?"

"అవునమ్మా."

"వాన సప్పుడు ఇన్నరా, ఇనలేదా?"

"విన్నాను."

"ఇని గూడ సున్న పెట్టిన్రా!" నవ్వింది. నిజంగానే నవ్వింది, భుజాలు కదిలేట్టు. "పేపర్ల గూడ గిట్లనే రాసిన్రా సారూ ఇన్నేండ్లు? నేను పొద్దున్నే చదువుతుంటి!"

కుర్చీ మీంచి తీసిన పుస్తకాన్ని నేను ఇంకో ఇటుక కింద పెట్టాను.

"ఎర్క లేకుంటే ఎర్క లేదనొచ్చు గదా. నన్నెవరన్న పుస్తకం అడిగితే, నా తాన లేకుంటే లేదంట. ఉన్నదో లేదో చూడకుంటే, 'జర ఆగుండ్రి, చూడలే' అంట. రెండూ ఒకటే అంటే బేరం నడుస్తదా?" మళ్లీ డిక్షనరీ అందుకుంది. నాలుగు పేజీలు విడదీసింది. తర్వాత, నా వైపు చూడకుండా: "వచ్చే ఆదివారం మూడోది."

"తెలుసు."

"పరిస్తే, వాన పడితే, ఉన్న సగం గూడ పోతది. పరవకుంటే జాగ పోతది. జాగ పోతే ఇగ ఇవన్ని ఎందుకు ఆరబెడుతున్న నేను?"

ఆ శనివారం మధ్యాహ్నం ఆమె నాంపల్లిలో మా ఇంటికి వచ్చింది. ఫోన్‌లో చెప్పింది వినే రోజులు అయిపోయాయని, తయారుచేసే మనిషినే చూస్తానని ముందే చెప్పింది. మా అక్క కూతురు లాప్‌టాప్‌తో సిద్ధంగా ఉంది. పది సున్నాలూ తీసేసి, వాటి చోట ఖాళీ పెట్టి, ఆ వారాల లెక్క మొత్తం మళ్లీ నడిపించింది. నా డబ్బాకు వెయిటేజీ కూడా తగ్గించింది.

"ఎంత తగ్గించావు?" అని అడిగాను.

"లాడ్జి మీది దానికన్న కింద మామా. జర రోజులు మంచిగుంటే మళ్లీ పెంచుత."

"మంచిగయింది," అంది పుస్తకాలామె, చాయ్ ఊదుకుంటూ. "ఇగ చెప్పమ్మా. రేపేంది? చినుకులు గినుకులు అనకు. పడుతదా, పడదా?"

"పడుతదక్కా. అది పక్కా. ఎప్పుడన్నదే మాట. ఒక్కసారి నడిపిస్తే ఒక్కటే జవాబొస్తది, దాన్ని నమ్మలేం. మొదట్ల ఉన్న గాలి, తేమ ఎంతన్నది మాకు సరిగ్గ తెల్వదు గదా. అందుకని అవి కొంచెం కొంచెం మార్చి ఇరవైసార్లు నడిపిస్తం. ఇరవైల పదిహేడు పదిన్నర దాటినంకనే పడుతదంటున్నయి. మూడు మాత్రం తొమ్మిది లోపలనే అంటున్నయి."

"ఆ మూడు ఎందుకంటున్నయి?"

మా అక్క కూతురు నా వైపు చూసింది. మంచి ప్రశ్న అడిగినప్పుడు ఆమె అలాగే చూస్తుంది. "ఆ మూడింట్ల గాలి జోరుగుంది అక్కా. మబ్బు తొందరగ వస్తది."

"ఏ దిక్కు నుంచి?"

"పడమర. ఈ నాంపల్లి దిక్కు నుంచే."

"నాంపల్లి దిక్కు నుంచి వచ్చింది నా మీద పడకుండ పోదు. కోఠి దిక్కు నుంచి వచ్చింది ఉత్తగ ఉరిమి పోతది. ఇరవై ఏండ్ల సంది చూస్తున్న." ఆమె చాయ్ కప్పు కింద పెట్టి లెక్క వేసుకుంది. పెదవులు కదలలేదు, వేళ్లు కదిలాయి. "చాయ్ తొమ్మిదింటికి. ఇరవైల మూడు. సరే. పరుస్త."

"మూడు తక్కువేం కాదక్కా," అంది మా అక్క కూతురు, భయపడి. "మళ్లీ తడిస్తే?"

"తడిసినయి తడిస్తే ఏమైతది?"

మేమిద్దరం అర్థం కానట్టు చూశాం.

"ఆరబెట్టినయి ఉన్నయి గదా, ఉబ్బి, వంకర పోయినయి. అవే పరుస్త. చద్దరు పడ్డట్టే గదా? మంచియి మూటల ఉంటయి, ఆటోల. మబ్బు చూసి దింపాల్నా వద్దా అప్పుడు చూస్త. మీ కంప్యూటర్ మాట ఇంటున్న, గని మొత్తం ఇంటలేను."

మా అక్క కూతురు లాప్‌టాప్ మూసేసి అంది: "మామా, మా ఆఫీసుల ఈమెకొక కుర్చీ వెయ్యాలె."

"ఆదివారాలు రాను," అంది ఆమె.

మర్నాడు ఎనిమిదిన్నరకు డబ్బా చూసి, అంకె పంపి, మా అక్క కూతురితో నేరుగా ఆబిడ్స్ పోయాను. ఆకాశం బూడిదరంగు, గాలి లేదు. చెప్పుల షాపు ముందు ఆమె చద్దరు దులిపి నాలుగు మూలలా రాళ్లు పెట్టింది. దాని మీద ఉబ్బిన డిక్షనరీలు, అలల్లా లేచిన పేజీల నవలలు. భర్త ఆటో ఎదురుగా, వెనక సీటు నిండా మూటలు. మా అక్క కూతురు మాటిమాటికీ ఫోన్ చూస్తోంది. ఎనిమిది ముప్పావు దాటింది. ఇరవైలో ఆ మూడు లెక్కలు చెప్పిన సమయం ఇదేనని ముగ్గురికీ తెలుసు. పుస్తకాలామె నాంపల్లి వైపే తిరిగి కూర్చుంది.

తొమ్మిదికి చాయ్ వచ్చింది. పక్క జాగా ఆయన కప్పు అందుకుని, ఆమె చద్దరు వైపు చూసి, ఒక పుస్తకం ఎత్తి పట్టుకున్నాడు. మూసినా మూతపడటం లేదు.

"ఏందమ్మా, అప్పడాలు అమ్ముతున్నవా?"

"నీ ఇంటికి రెండు కట్టియ్యాల్నా అన్నా?"

ఆయన నవ్వి, కప్పు కింద పెట్టి, రెండు చేతులతో తన చద్దరు అంచు పట్టుకుని జానెడు వెనక్కి లాగాడు. నా కన్ను ఇంకా పూర్తిగా కుదురుకోలేదు కానీ, అది స్పష్టంగా చూశాను.

చాయ్ తాగేశాక ఆమె లేచి నిలబడి ఆకాశం చూసింది, మా అక్క కూతురి ముఖం చూసింది, ఆటో దగ్గరికి పోయి ఒక మూట దింపింది. ఒక్కటే. గంటన్నర అమ్మింది. అప్పడాల్లోంచి కూడా రెండు పోయాయి. ఒక కాలేజీ అమ్మాయి ఉబ్బిన డిక్షనరీ తీసుకుంటూ, అక్షరాలు బాగానే ఉన్నాయి కదా అంది. పదిన్నరకు ఆమె ఎవరినీ అడగకుండా మూట కట్టేసింది. పక్కవాళ్లూ ఆమెను చూసి కట్టడం మొదలుపెట్టారు. మేం షట్టర్ గట్టు మీదికి చేరుకున్నాం.

మొదటి చినుకు ఖాళీ బండల మీద పడింది. ఆమె ఫోన్ తీసి చూసింది.

"పదకొండుకు ఐదు నిమిషాలు తక్కువ. రాస్కోండ్రి సారూ. నాంపల్లి దిక్కు నుంచి వచ్చిందని గూడ రాయిండ్రి."

జేబులోంచి నోటుపుస్తకం తీసి రాశాను. ఎన్ని గంటలకు మొదలు, ఏ దిక్కు నుంచి, ఎన్ని గంటలకు ఆగింది అని మూడు గడులు గీశాను. మొదటి రెండూ ఆమె చెప్పినట్టే నింపాను. వాన జోరందుకోగానే ఆటో కాచిగూడ వైపు వెళ్లిపోయింది. మా అక్క కూతురు నన్ను గొడుగు కింద నాంపల్లికి నడిపించింది. ఇంటికి చేరి, కంట్లో మందు వేయించుకుని పడుకున్నాను. లేచేసరికి డాబా మీద ఎండ ఉంది.

మూడో గడి ఖాళీగా ఉంచాను.